బెల్టు ఉంది... తగిలించే చోటేది?

మా బాబాయి పడింది రేకు మీంచి కాదు. రేకులోంచి.

2014 సెప్టెంబరు. చిలకలూరిపేట దగ్గర ఒక జిన్నింగు మిల్లు. అక్టోబరు వచ్చిందంటే పత్తి బండ్లు గేటు ముందు బారులు తీరతాయి. ఆలోపు కప్పు కారే చోటల్లా రేకులు మార్చాలి. నేనప్పుడు ఇంటర్ సెకండియర్. ఆదివారాలు బాబాయి వెంట వెళ్లి, కింద నిలబడి జె-బోల్టులు, వాచర్లు బకెట్లో వేసి తాడు కట్టి పైకి పంపేవాణ్ని. రోజుకి రెండొందలు. ఫోన్ రీఛార్జికీ, సినిమాకీ సరిపోయేవి.

"ఒరేయ్, ఇంకో డజను బోల్టులెయ్యి" అని పైనుంచి కేక. నేను వంగి ఏరుతున్నా. టప్‌మని ఒక్క చప్పుడు. తలెత్తితే కప్పులో మనిషి పట్టేంత కంత, అందులోంచి తెల్లటి ఎండ. బాబాయి నాకు పదడుగుల దూరంలో గచ్చు మీద ఉన్నాడు.

ఇంకో నెల గడిచి ఉంటే అక్కడ నిలువెత్తు పత్తి గుట్ట ఉండేది. సెప్టెంబరు కాబట్టి ఉత్త గచ్చు.

తొడ ఎముక, తుంటి విరిగాయి. గుంటూరులో రెండు ఆపరేషన్లు. ప్రాణం దక్కింది గానీ నడక ఇప్పటికీ ఒక పక్కకి ఒరుగుతుంది. ఇరవై ఏళ్లు రేకుల మీదే బతికిన మనిషి, కప్పు మీద పిల్లిలా నడుస్తాడని పేరున్న మనిషి ఎలా పడ్డాడు? ఊళ్లోవాళ్లు "టైమ్ బాగాలేదు" అన్నారు. మా నానమ్మ దిష్టి అంది. అసలు సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ల తర్వాత, బాబాయి కొడుకు, అంటే మా తమ్ముడు, అదే పనిలోకి దిగాక.

నుసి కప్పేసిన రేకు

మా వైపు ఎటు చూసినా షెడ్లే. పత్తి మిల్లులు, మిర్చి గోడౌన్లు, కోల్డ్ స్టోరేజీలు, పొగాకు బ్యారన్లు, మార్టూరు, చీమకుర్తి వైపు వెళ్తే గ్రానైట్ యూనిట్లు. కొత్తవాటికి రంగు పూసిన ఇనుప రేకులు వేస్తున్నారు. పాతవాటిలో చాలా వాటికి సిమెంటు రేకులే. మందం సుమారు 6 మిల్లీమీటర్లు. వానని, ఎండని ఆపడానికి చేసిన వస్తువు అది. మనిషి నిలబడటానికి చేసింది కాదు. కొత్తప్పుడు కొంత బరువు ఓర్చుకుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్లు ఎండకి ఎండి, వానకి నానాక బోల్టు కంతల చుట్టూ కంటికి కనిపించని నెర్రెలు వస్తాయి. అది విరిగే ముందు వంగదు, కిర్రుమనదు. ఒక్కసారే విరుగుతుంది.

దాన్ని మించిన ప్రమాదం ఇంకోటుంది. షెడ్డులోకి వెలుతురు రావడానికి వరసకి ఒకటో రెండో ఫైబర్ రేకులు వేస్తారు. కొత్తలో అద్దంలా ఉంటాయి. నాలుగైదేళ్లకి ఎండకి పచ్చబడి, పెళుసెక్కుతాయి. జిన్నింగు మిల్లులో దూది నుసి గాల్లో తేలుతూనే ఉంటుంది కదా, అది కప్పు మీద పేరుకుంటుంది. మంచు పడి, వాన పడి, దుమ్ము కలిసి బూడిద రంగు పొరలా అట్టకడుతుంది. పైన నిలబడి చూస్తే ఏది సిమెంటు రేకో, ఏది ఫైబర్ రేకో తెలీదు. కింద నుంచి చూస్తే మాత్రం వెలుగుతూ స్పష్టంగా కనిపిస్తుంది.

అంటే ఆ రోజు ఆ రేకు ఎక్కడుందో కింద ఉన్న నాకు కనిపిస్తోంది. పైనున్న బాబాయికి కనిపించలేదు. చెప్పాలని నాకు తెలీదు. ఎవరూ నేర్పలేదు. పన్నెండేళ్లుగా ఈ ఒక్క ముక్క నన్ను వదల్లేదు.

అమెరికాలో పని భద్రతా నిబంధనలు కప్పులో వెలుతురు కోసం పెట్టిన భాగాన్ని కన్నంతో సమానంగా చూస్తాయి. మూత వెయ్యాలి, లేదా చుట్టూ కంచె కట్టాలి. దాని మీద ఏదో ఉంది కదా అని నేలగా లెక్కపెట్టరు. మా తమ్ముడి బ్యాచ్ ఇప్పుడు చేసేది దీనికి నాటు రూపం. పని మొదలవ్వక ముందు ఒకడు షెడ్డు లోపల తిరిగి, వెలుతురు పడే రేకులు ఏ వరసలో ఎన్నోదో లెక్కపెట్టి చెబుతాడు. రెండోవాడు చూరు దగ్గర నిచ్చెన మీద నుంచే ఆ వరసలకి ఎర్ర రంగు గుర్తు పెడతాడు. తర్వాత పలకల మీద పోయి రేకుకి నాలుగు పక్కలా గీత గీస్తారు. అరగంట పని. రంగు డబ్బా ఖర్చు ఒక పూట టిఫిన్ల ఖర్చు కన్నా తక్కువ.

"బోల్టు లైను మీద నడువు"

ఈ పనిలో తాతల నాటి సూత్రం ఒకటుంది: బోల్టు లైను మీదే కాలెయ్యాలి. బోల్టు ఉందంటే కింద ఇనుప పర్లిన్ ఉన్నట్టే కాబట్టి అక్కడ రేకు విరగదని. బాబాయి కూడా నాకు ఇదే చెప్పాడు. సగం నిజమే. పర్లిన్ వెడల్పు మన అరచేతి కన్నా తక్కువ. చేతిలో పదడుగుల రేకు, నెత్తి మీద ఎండ, కాళ్లకి చెమట. అడుగు ఒక జానెడు పక్కకి పడితే చాలు. పర్లిన్ల మీద నడవడమంటే ఏ పట్టూ లేకుండా గోడ అంచు మీద నడవడమే. రోజంతా.

ఇన్‌స్టాలో రీల్స్ చూసే ఉంటారు. ట్రస్సు మీద చెప్పుల్లేకుండా నడిచే కుర్రాడు, వెనక మాస్ బీజీఎం, కింద "మా వాడికి భయం లేదు" అని కామెంట్లు. నేనూ ఒకప్పుడు లైక్ కొట్టినవాణ్నే. ఇప్పుడు ఆ వీడియో చూస్తే నా కళ్లు వాడి కాళ్ల దగ్గర ఆగవు. వాడి కింద ఏముందా అని వెతుకుతాయి.

20 అడుగుల ఎత్తు నుంచి పడ్డ మనిషి నేలని తాకడానికి పట్టే టైమ్ సెకను కన్నా కాస్త ఎక్కువ. అప్పటికి వేగం గంటకి దాదాపు 39 కిలోమీటర్లు. "పట్టుకుంటాలే" అనే మాటకి అందులో చోటు లేదు. మన కోల్డ్ స్టోరేజీల కప్పయితే అంతకు రెట్టింపు ఎత్తులో ఉంటుంది.

దీనికి మందు కొత్తదేం కాదు, ఖరీదైందీ కాదు. నడక పలకలు. మూడు నాలుగు పర్లిన్ల మీద ఆనేంత పొడవున్న గట్టి చెక్క పలకలు రెండు, జారకుండా పైన అడ్డ బద్దీలు, కొసలు కట్టెయ్యడానికి తాడు. ఒక పలక మీద నిలబడి రెండోది ముందుకు జరుపుకుంటూ పోవాలి. బరువు రేకు మీద కాక ఇనుము మీద పడుతుంది.  

కుదిరితే అసలు పైకే ఎక్కకపోవడం ఇంకా మంచిది. బ్రిటన్‌లో 2005లో తెచ్చిన ఎత్తు పనుల నిబంధనల వరసే అది. ముందు ఎక్కకుండా పని అవుతుందేమో చూడు, తప్పకపోతే పడకుండా ఏర్పాటు చెయ్యి, అదీ కుదరకపోతే పడినా దెబ్బ తగలకుండా చూడు. బెల్టు వచ్చేది ఆఖర్న. మన దగ్గర మొదలే బెల్టుతో అవుతుంది, చాలాసార్లు ఫొటోతో ముగుస్తుంది.

ఫొటో కోసం బెల్టు

ఫొటో అని ఊరికే అనలేదు. పెద్ద కంపెనీల షెడ్లలో "సేఫ్టీ ఫొటో వాట్సాప్‌లో పెట్టండి" అంటారు. కుర్రాళ్లు నారింజ రంగు బెల్టులు వేసుకుని వరసగా నిలబడి ఫొటో దిగుతారు. పైకెక్కాక చూస్తే కొక్కెం నడుముకే వేలాడుతూ ఉంటుంది. "ఏరా, తగిలించలేదేం?" అంటే, "దేనికి తగిలించమంటావన్నా?" అని ఎదురు ప్రశ్న. ఆ ప్రశ్నలో తప్పు లేదు. బట్టతలలాంటి కప్పు మీద కొక్కెం వేసే చోటు ఎక్కడుంది? రేకు బోల్టుకి తగిలిస్తే బోల్టుతో సహా ఊడొస్తుంది.

తగిలించే చోటు మనమే తయారు చేసుకోవాలి. షెడ్డు ఈ కొస ట్రస్సు నుంచి ఆ కొస ట్రస్సు దాకా ఇనుప తాడు బిగించి కట్టాలి. దాన్నే లైఫ్‌లైన్ అంటారు. దానికి కొక్కెం వేసుకుంటే తాడు వెంబడి జరుగుతూ పని చేసుకోవచ్చు. కొక్కేలు రెండుండాలి, ఒకటి తీసేటప్పుడు ఇంకోటి తగిలి ఉండాలి కదా. నడుముకి మాత్రమే కట్టే పాత బెల్టు వద్దు. పడ్డప్పుడు ఆ కుదుపంతా నడుము మీదే పడి వెన్నుపూస, పొట్ట లోపలి భాగాలు దెబ్బతింటాయి. భుజాలు, తొడలు కలిపి పట్టే ఫుల్ బాడీ హార్నెస్ కావాలి. ఐ.ఎస్. 3521 అనే భారతీయ ప్రమాణం దీనికుంది. ఆ ముద్ర చూసి కొనాలి. రెండు మూడు వేలల్లో దొరుకుతుంది, అంటే మా తమ్ముడి ఫోన్ ధరలో ఐదో వంతు.

ఇక్కడ నాకు ఈ మధ్యే తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. హార్నెస్‌కి వచ్చే తాడు మామూలుగా ఆరడుగులు. పడ్డప్పుడు కుదుపు తగ్గించడానికి దానిలో మడత పెట్టిన పట్టీ ఉంటుంది. అది విప్పుకుంటే ఇంకో ఐదారడుగులు సాగుతుంది. దానికి మనిషి ఎత్తు కలపండి. మీ కొక్కెం కాళ్ల దగ్గరే తగిలి ఉంటే, ఆగేలోపు మీరు దాదాపు ఇరవై అడుగులు కిందికి వచ్చేస్తారు. షెడ్డు ఎత్తు పదిహేను అడుగులే అయితే? బెల్టు వేసుకునే నేలకి కొట్టుకుంటారు. అందుకే తక్కువ ఎత్తు షెడ్లలో తాడు పొట్టిగా ఉండాలి, కొక్కెం వీలైనంత పైన ఉండాలి, లేదంటే పర్లిన్ల కింద వల కట్టాలి. పడి బెల్టుకి వేలాడుతున్న మనిషిని నిమిషాల్లోనే దించాలి కూడా. తొడల దగ్గర పట్టీలు బిగిసి రక్తం పైకి రాక స్పృహ తప్పుతుంది. దించడానికి నిచ్చెన సిద్ధంగా ఉందా అని ఎక్కక ముందే చూసుకోవాలి, వేలాడాక కాదు.

గాలి, కరెంటు, దుమ్ము

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా తమ్ముడి ఫోన్ రెండు రోజులు ఆగకుండా మోగింది. అందరిదీ ఒకటే మాట, "రేకులు లేచిపోయాయి, ఇవాళే రావాలి". లోపల తడుస్తోంది పత్తో, మిర్చో, ఏడాది కష్టం. వాళ్ల తొందర అర్థమవుతుంది. కానీ ఆ రెండు రోజుల్లో నిన్నటిదాకా పొలం పనికి పోయినవాళ్లు కూడా రేకుల మేస్త్రీలైపోయారు. తడి రేకు, పాకుడు, ఇంకా తగ్గని గాలి. గాల్లో పదడుగుల రేకు పట్టుకోవడమంటే తెరచాప పట్టుకోవడమే. రేకు ఎగిరితే వదిలెయ్యాలి. విలువైన వస్తువు కదా అని పట్టుకునే ఉన్నవాణ్ని అది తనతో తీసుకుపోతుంది. తమ్ముడు ఆ రోజు సగం పనులకి "గాలి ఆగాక వస్తా" అన్నాడు. కొందరు తిట్టారు.

గోడౌన్ల పక్కనే పోయే 11 కేవీ లైన్లు ఇంకో గండం. ఇనుప నిచ్చెన నిలబెట్టేటప్పుడు, పొడుగు రేకు తిప్పేటప్పుడు తల పైకెత్తి చూడని క్షణం చాలు. తీగకి దగ్గరగా పని ఉంటే ముందు రోజే లైన్‌మన్‌తో మాట్లాడి సప్లై ఆపించుకోవాలి. ఇక ఎండ. రెంటచింతల పేరు వార్తల్లోకెక్కే రోజుల్లో ఇనుప రేకు మీద అట్టు పోసుకోవచ్చు. తెల్లారి ఐదున్నరకి ఎక్కి పదిన్నరకల్లా దిగిపోవడమే దారి. కళ్లు తిరగడం నేల మీద అయితే చిన్న సంగతి, కప్పు మీద కాదు.

దుమ్ము గురించి ఎవరూ మాట్లాడరు. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బ్రిటన్ 1999లో నిషేధించింది. మన దగ్గర రేకుల తయారీకి ఇంకా వాడుతున్నారు. గ్రైండర్‌తో పొడి రేకు కోస్తే లేచే తెల్లటి దుమ్ములో ఆ నార ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. జబ్బు బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది కాబట్టి ఈ రోజు దగ్గు రాలేదంటే ఏమీ కాలేదని కాదు. రేకుని తడిపి చేతి రంపంతో కొయ్యాలి. మూతికి తువ్వాలు కాకుండా సరైన మాస్కు పెట్టాలి. పాత రేకుని పైనుంచి విసిరి పగలగొట్టకూడదు. బాబాయి కాలంలో విసరడమే పద్ధతి, నేను కింద నిలబడి ఆ దుమ్ములోనే టీ తాగేవాణ్ని.

పది మంది లెక్క

చట్టం లేదా అంటే ఉంది. ఎత్తు నుంచి పడే అవకాశం ఉన్న చోట ఎవరు పని చేసినా కంచెతోనో మరో విధంగానో రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్ చెప్పింది. నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ పాత చట్టాలన్నిటినీ 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. 2025 నవంబరు 21 నుంచి కోడ్ అమల్లోకి వచ్చింది. అయితే 1996 చట్టంలో ఒక గీత ఉండేది, పది మంది పనివాళ్లు. కొత్త కోడ్‌లోనూ నిర్మాణ పనులకి ఆ గీత అలాగే ఉంది.

రేకుల బ్యాచ్‌లో ఎందరుంటారు? నలుగురు, మహా అయితే ఆరుగురు. ఓనర్ పని షెడ్డు కాంట్రాక్టరుకి ఇస్తాడు, అతను రేకుల మేస్త్రికి అడుగు లెక్కన గుత్తకిస్తాడు, మేస్త్రి నలుగురు కుర్రాళ్లని తెచ్చుకుంటాడు. ఏ మెట్టు దగ్గర అడిగినా "అది నాది కాదు, కింద వాళ్లది" అనే జవాబే. మా బాబాయి విషయంలో మిల్లు వాళ్లు మొదటి ఆపరేషన్ ఖర్చు భరించి, ఇక ఏమీ అడగనని కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆ సంతకం పెట్టింది మా పిన్ని, ఆసుపత్రి వరండాలో నిలబడి.

1923 నాటి నష్టపరిహార చట్టం లెక్క తెలిస్తే పిన్ని ఆ కాగితం చదివి ఉండేది. ఆ లెక్కలో పనిలో ప్రమాదం జరిగి 30 ఏళ్ల మనిషి చనిపోతే, నెల కూలి 15,000 అనుకుంటే, అందులో సగాన్ని 207.98తో గుణిస్తారు. అంటే రూ.15,59,850. శాశ్వతంగా పని చేయలేని స్థితి అయితే సగం బదులు అరవై శాతం. ఈ బాధ్యత మోయడానికి కాంట్రాక్టర్లు తీసుకోగల బీమా పాలసీలున్నాయి. రేటు మాట్లాడుకునేటప్పుడు దాని ఊసే రాదు.

ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే రెండు పనులు చేసుకోండి. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల వాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలు చేసేది వాళ్ల కోసమే. రెండోది, బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. చాలామంది ఖాతాలో బ్యాలెన్సు లేక మే నెలాఖరులో అది రెన్యువల్ కాకుండా ఆగిపోతుంది. ఈ రోజే ఒకసారి చూసుకోండి.

కాగితంలో చివరి లైను

మా తమ్ముడు ఇప్పుడు కొటేషన్ రాసేటప్పుడు రేకులు, బోల్టులు, కూలీ అన్నీ రాశాక చివర ఒక లైను చేరుస్తాడు: "లైఫ్‌లైన్, పలకలు, కింద ఒక మనిషి." దానికి విడిగా ఒక అంకె. అది దాచి అడుగు రేటులో కలిపెయ్యొచ్చు. వాడు కలపడు. "కలిపేస్తే బేరంలో మొదట పోయేది అదేరా అన్నయ్యా, విడిగా ఉంటే కనీసం కొట్టేసేటప్పుడు ఏం కొట్టేస్తున్నాడో తెలుస్తుంది" అంటాడు.

పోయినేడు నరసరావుపేట వైపు ఒక గోడౌన్ ఓనర్ సరిగ్గా ఆ లైను మీదే పెన్ను పెట్టాడు. "ఇవన్నీ ఎందుకయ్యా, ముప్పై ఏళ్ల నుంచి నా షెడ్డు మీద ఎవడూ పడలేదు." తమ్ముడు నవ్వి కాగితం తీసుకుని వచ్చేశాడు. ఆ పని వేరే బ్యాచ్‌కి పోయింది. వాళ్లు రెండు రోజుల్లో ముగించారు. ఎవరికీ ఏం కాలేదు. నాలుగు వేలు తక్కువకి చేశారు కూడా. ఆ వారం తమ్ముడి బ్యాచ్‌కి పని లేదు, కుర్రాళ్లలో ఒకడు అలిగి ఇంకో మేస్త్రి దగ్గరికెళ్లాడు. ఇది నేను దాచను, ఎందుకంటే జాగ్రత్తకి వెంటనే ప్రతిఫలం దొరుకుతుందని చెబితే అబద్ధం అవుతుంది.

ఆ తర్వాత నెలలో పర్చూరు దగ్గర ఇంకో షెడ్డు. అక్కడి ఓనర్ ఆ లైను చదివి, "కింద ఒక మనిషా? వాడేం చేస్తాడు?" అని అడిగాడు. తమ్ముడు ఆయన్ని షెడ్డు లోపలికి తీసుకెళ్లి, తలెత్తి చూడమని, వెలుగుతున్న ఫైబర్ రేకులు చూపించాడు. తర్వాత నిచ్చెన ఎక్కించి, చూరు దగ్గర నిలబెట్టి, పైనుంచి అవే రేకులు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. ఆయన కాసేపు చూసి దిగొచ్చేశాడు. లైను కొట్టెయ్యలేదు.

పని మొదలయ్యే ముందు రోజు సాయంత్రం తాళ్లన్నీ మా ఇంటి అరుగు మీదకి వస్తాయి. బాబాయి కుంటుకుంటూ వచ్చి కూర్చుని, ఒక్కో తాడు వేళ్ల మధ్య నుంచి లాగుతూ పీచు లేచిందేమో చూస్తాడు. లేచిన తాడుని కొడవలితో అక్కడికక్కడే ముక్కలు చేస్తాడు, మళ్లీ ఎవరూ వాడకుండా. "కొత్తది నాన్నా, పోయిన నెలే కొన్నాం" అని తమ్ముడు గొణుగుతాడు. బాబాయి వినిపించుకోడు. కింద నిలబడే మనిషి పని మాత్రం సెలవు దొరికినప్పుడల్లా నాదే.